కారోయ్ తకాచ్

కారోయ్ తకాచ్ (జనవరి 21, 1910 - జనవరి 5, 1976) హంగేరీ దేశానికి చెందిన ప్రసిద్ధ పిస్టల్ షూటింగ్ క్రీడాకారుడు. 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలో 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలోనూ, 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలోనూ స్వర్ణపతకాలు గెలుచుకొన్నాడు. ఈ పోటీలో రెండు ఒలింపిక్ స్వర్ణాలు సాధించిన మొదటి వ్యక్తి ఇతడే. మొదట కుడిచేతితో కాల్చే ఇతడు, ఆ చేయి ప్రమాదంలో దెబ్బతినడంతో ఎడమచేతితో విద్యను మళ్ళీ నేర్చుకొని ఈ పతకాలు సాధించాడు.

హంగేరీ ప్రజలు మన తెలుగువారివలెనే ఇంటిపేరును ముందు వ్రాస్తారు. కనుక స్వదేశంలో ఇతని పేరు తకాచ్ కారోయ్. ఇంగ్లీషు అక్షరాలను బట్టి చదవడం వలన మన దేశంలో కరోలీ టకాక్స్ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది.

తొలి జీవితం

తకాచ్ బుడాపెస్ట్ నగరంలో జన్మించాడు. హంగేరీ సైన్యంలో చేరి సార్జెంటు అయ్యాడు. 1936 నాటికే ప్రపంచస్థాయి పిస్టల్ షూటర్లలో ఒకడుగా లెక్కకు వచ్చాడు. అయినా ఆ సంవత్సరం బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన హంగేరీ జట్టులో ఇతనికి చోటు దొరకలేదు. కమిషన్డ్ అధికారులు మాత్రమే ఆ జట్టులో పాల్గొనాలనే నిబంధన అప్పట్లో అమలులో ఉండేది. బెర్లిన్ క్రీడల తరువాత ఈ నిబంధనను తొలగించారు. వ్యక్తిత్వ వికాస ప్రసంగాలలో తకాచ్ కథ తరచు వినిపిస్తుంది గాని, ఇతనికి మొదట అడ్డు వచ్చినది చేయి కాదు, హోదా అన్న సంగతి వాటిలో చాలావరకు కనబడదు.

ప్రమాదం

1938లో సైనిక శిక్షణ జరుగుతుండగా లోపమున్న ఒక చేతిబాంబు తకాచ్ కుడిచేతిలోనే పేలింది. పిస్టల్ పట్టే చేయి తీవ్రంగా దెబ్బతిన్నది. ఒక నెల ఆసుపత్రిలో గడపవలసి వచ్చింది. అప్పటికి ఇతని వయస్సు 28 సంవత్సరాలు. 1940 ఒలింపిక్స్‌కు వెళ్ళే అవకాశం ఏర్పడిన సమయంలోనే ఈ ప్రమాదం జరిగింది.

ఎడమచేతి సాధన

ఒలింపిక్ పిస్టల్ పోటీలలో ఆయుధాన్ని ఒక్క చేతితోనే పట్టుకొని కాల్చాలి. రెండవ చేతి ఊతం నిబంధనలకు విరుద్ధం. అందువలన తకాచ్‌కు మిగిలిన మార్గం ఒక్కటే, ఎడమచేతితో మొదటి నుండి నేర్చుకోవడం. చేయి మార్చుకొన్నంత మాత్రాన ఇది పూర్తి కాదు. పిస్టల్‌కు గాని రివాల్వర్‌కు గాని గొట్టం చివర ఒక సైటు, వెనుక ఒక సైటు ఉంటాయి. ఈ రెండూ, కాల్చేవాని కన్నూ ఒకే వరుసలో నిలవాలి. కుడిచేతివాటం కలవారిలో చాలామందికి గురి చూసే కన్ను కూడా కుడికన్నే. ఆయుధం ఎడమచేతిలోకి వెళితే తల నిలిపే తీరు, పాదాలు ఉంచే దిశ, భుజం బిగువు అన్నీ మారిపోతాయి. అన్నిటికన్నా కష్టమైనది ట్రిగ్గర్ నొక్కడం. చూపుడువ్రేలు తక్కిన వ్రేళ్ళతో సంబంధం లేనట్లుగా, కుదుపు లేకుండా, వెనుకకు కదలాలి. పట్టు ఏమాత్రం బిగిసినా గొట్టం పక్కకు జరిగి గుండు లక్ష్యాన్ని తప్పుతుంది. కొత్తగా ఆయుధం పట్టినవారు ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ నొక్కుతూ దీన్ని అలవాటు చేసుకోవడం ఈ విద్యలో పాత పద్ధతి. కొత్తవానికి నేర్చుకోవడమే పని. తకాచ్‌కు మాత్రం కుడిచేతికి ఏళ్ళ తరబడి పడిన అలవాటును మరచిపోవడం అదనపు పని అయింది.

ఇతడు ఈ అభ్యాసాన్ని ఇతరుల కంటబడకుండా సాగించాడు. 1939లో జరిగిన హంగేరీ జాతీయ పోటీలకు వచ్చినప్పుడు, తోటి క్రీడాకారులు ఇతడు తమను చూడడానికి వచ్చాడని అనుకొన్నారని చెబుతారు. తకాచ్ ఆ పోటీలో ఎడమచేతితో పాల్గొని జాతీయ విజేత అయ్యాడు. అదే సంవత్సరం ప్రపంచ షూటింగ్ పోటీలలో గెలిచిన హంగేరీ ర్యాపిడ్ ఫైర్ జట్టులోనూ సభ్యుడు.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం మొదలయింది. 1940, 1944 ఒలింపిక్ క్రీడలు రద్దయ్యాయి. షూటర్‌గా మంచి వయస్సు ఈ విధంగా గడచిపోయింది.

లండన్ ఒలింపిక్స్

1948 లండన్ క్రీడలలో షూటింగ్ పోటీలు బిస్లీలో జరిగాయి. ర్యాపిడ్ ఫైర్‌లో పక్కపక్కన నిలిపిన ఐదు లక్ష్యాలను ఒక్కొక్క గుండుతో వరుసగా కొట్టాలి. మొదట 8 సెకన్లు, తరువాత 6, చివరకు 4 సెకన్ల గడువు ఉంటుంది. అంటే చివరి దశలో ఒక్కొక్క గుండుకు ఒక సెకను కూడా దొరకదు. మొత్తం 60 గుండ్లు, 600 పాయింట్లు.

అర్జెంటీనాకు చెందిన ప్రపంచ విజేత కార్లోస్ ఎన్రిక్ దియాస్ సాయెన్స్ వాలియెంతే గెలుస్తాడని అందరూ భావించారు. ఎందుకు వచ్చావని అతడు అడుగగా, నేర్చుకోవడానికి వచ్చానని తకాచ్ బదులు చెప్పాడని, పోటీ ముగిశాక నేర్చుకోవలసినంతా నేర్చుకొన్నావని వాలియెంతే మెచ్చుకొన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఫలితాలు మాత్రం స్పష్టం. తకాచ్ 580 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. వాలియెంతే 571 పాయింట్లతో రెండవ స్థానంలో నిలిచాడు. అప్పటికి తకాచ్ వయస్సు 38, ప్రమాదం జరిగి పదేళ్ళు.

హెల్సింకీ, ఆ తరువాత

1952 హెల్సింకీలో పోటీ చాలా దగ్గరగా సాగింది. తకాచ్ 579 పాయింట్లతో స్వర్ణం నిలబెట్టుకొన్నాడు. 578 పాయింట్లతో రజతం పొందినది 17 ఏళ్ళ సిలార్డ్ కున్. ఇతడు హంగేరీ క్రీడాకారుడే కాక తకాచ్ వద్ద శిక్షణ పొందినవాడు కూడా. గురుశిష్యుల మధ్య తేడా ఒక్క పాయింటు.

1956లో హంగేరీలో తిరుగుబాటు చెలరేగిన రోజులలోనే ఆ దేశపు జట్టు మెల్బోర్న్‌కు బయలుదేరింది. అక్కడ తకాచ్‌కు ఎనిమిదవ స్థానం లభించింది. 1958 ప్రపంచ పోటీలలో సెంటర్ ఫైర్ పిస్టల్ విభాగంలో కాంస్యపతకం గెలిచాడు. రివాల్వర్ వాడడానికి కూడా అనుమతి ఉన్న పోటీ ఇది.

తకాచ్ మొత్తం 35 సార్లు హంగేరీ జాతీయ విజేతగా నిలిచాడు. ఒకప్పుడు సార్జెంటు అన్న కారణంగా జట్టుకు దూరమైన ఇతడు సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో పదవీ విరమణ చేశాడు. తరువాతి కాలంలో శిక్షకుడుగా పనిచేశాడు. జనవరి 5, 1976న బుడాపెస్ట్‌లో మరణించాడు.