సామర్లకోటలో లక్క పురుగులు

చిన్నప్పుడు తీర్థంలో లక్కపిడతలు కొనిపెట్టకపోతే మేం ఊరుకునేవాళ్ళం కాదు. ఆ లక్క ఏదో చెట్టు బంక అనుకునేదాన్ని. కాదట, పురుగు చేసిన పని! ఆ పురుగు బతుకుని మన సామర్లకోటలో శ్రద్ధగా గమనించి రాసినాయన విలియం రాక్స్‌బర్గ్.

1751లో స్కాట్లాండులో పుట్టాడు. డాక్టరుగా మద్రాసు వచ్చి, 1781 ప్రాంతంలో సామర్లకోట చేరాడు. మనసంతా మొక్కల మీదే. ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. 1787 తుపానులో సముద్రం పొంగి, సేకరించిన మొక్కలూ పుస్తకాలూ పోయాయి. బట్టల పెట్టె తడిస్తేనే మనం నెల్లాళ్ళు బాధపడతాం. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు.

1789లో కొండల నుంచి లక్క పట్టిన తుమ్మజాతి కొమ్మలు తెచ్చిచ్చారు. జాగ్రత్తగా దాచాడు. పధ్నాలుగు రోజులకి లక్కలోంచి వేలకొద్దీ ఎర్రటి నలుసులు పాకుతూ బయటికొచ్చాయి. అవే పిల్ల పురుగులు. లేత కొమ్మ చూసుకుని, ముక్కు గుచ్చి రసం పీలుస్తాయి. ఒంట్లోంచి ఊరే బంకే లక్క. ఆడపురుగు ఇక కదలదు, ఆ గూట్లోనే పిల్లల్ని కని చచ్చిపోతుంది. అది వదిలే తీపి కోసం చీమలు చేరతాయి. దాన్ని తినే గొంగళిపురుగులూ అక్కడే. పురుగులు మరీ ఎక్కువైతే కొమ్మ ఎండుతుంది, కొమ్మ ఎండితే పురుగుకీ తిండి లేదు. అందుకే లక్క పెంచేవాళ్ళు చెట్టుని కొన్నాళ్ళు వదిలేస్తారు.

1793లో కలకత్తా తోట పెద్దగా వెళ్ళిన రాక్స్‌బర్గ్ 1815లో ఎడిన్‌బరోలో పోయాడు. 300 బొమ్మలున్న ఆయన కోరమాండల్ మొక్కల పుస్తకం పూర్తయింది 1820లో.