తవుడు బిస్కట్ల శాస్త్రవేత్త

బియ్యం తెల్లగా, సన్నగా ఉండాలి. తవుడంటారా, గేదెకు పెడితే సరి. మన ఇళ్లలో తరతరాలుగా ఇదే లెక్క. ఆ తవుడుతోనే బిస్కట్లు చేసి మనుషుల ప్రాణాలు నిలిపిన ఒక శాస్త్రవేత్త ఉన్నారు. పేరు మరియా ఒరోసా. ఊరు ఫిలిప్పీన్స్‌లోని బతంగాస్ రాష్ట్రంలో ఉన్న తాల్.

1916లో చదువు కోసం అమెరికాలోని సియాటెల్ వెళ్లారు. సెలవుల్లో అలాస్కాలోని చేపల డబ్బాల ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ ఫార్మసీ, ఆహార రసాయన శాస్త్రం చదువుకున్నారు. అక్కడే మంచి ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోవచ్చు. కానీ 1922లో స్వదేశానికి తిరిగొచ్చి, కొన్నాళ్లకు మనీలాలోని ప్రభుత్వ సైన్స్ బ్యూరోలో చేరారు.

అప్పటి ఫిలిప్పీన్స్ పరిస్థితి విచిత్రంగా ఉండేది. పెరట్లో పండ్లు రాలి కుళ్లిపోతుంటే, దుకాణాల్లో ఓడ మీద దిగిన డబ్బా ఆహారం అమ్ముడయ్యేది. గోధుమపిండీ బయటి నుంచి రావాల్సిందే. మరియా ఒరోసా స్థానికంగా పండేవాటినే పట్టుకున్నారు. కర్రపెండలం నుంచి, అరటికాయల నుంచి పిండి తీశారు. జామపండ్లతో జెల్లీ చేశారు. అక్కడి చిన్న నిమ్మకాయల రసాన్ని నీళ్లలో కలుపుకొనే పొడిగా మార్చారు. టమాటాలకు కొరత కాబట్టి సాబా అనే అరటిపండు, వెనిగర్, మసాలా దినుసులతో కెచప్ తయారుచేశారు. ఈ అరటి కెచప్ ఇప్పటికీ అక్కడ భోజనాల బల్ల మీద ఉంటుంది. కరెంటు లేని పల్లెల కోసం మట్టికుండతో ఓవెన్ కూడా రూపొందించారు. నాకైతే ఆమె కనిపెట్టినవాటన్నిటిలోకీ ఈ కుండ ఓవెనే ముచ్చటగా అనిపిస్తుంది. పల్లెల్లో మహిళా బృందాలను ఏర్పాటు చేయించి పండ్లు నిల్వచేయడం, కోళ్లు పెంచడం, సమతులంగా వండుకోవడం నేర్పించారు.

ఇక తవుడు సంగతి. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధాన ఆహారమైన చోట బెరిబెరి జబ్బు పీడించేది. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపు, చివరికి గుండె దెబ్బతినడం దీని లక్షణాలు. తల్లికి విటమిన్ బి1 లోపం ఉంటే, ఆమె పాలు తాగే పసిబిడ్డ రెండు మూడు నెలల వయసులోనే ప్రాణం మీదకు తెచ్చుకునేది. ఆ బి1 ఎక్కువగా ఉండేది మనం వదిలేసే తవుడులోనే. మనీలాలో తవుడు సారాన్ని పసిపిల్లలకు చుక్కలుగా పట్టించి బతికించేవారు. తవుడులోని ఆ పదార్థమేమిటో తేల్చే పనిని ఇదే సైన్స్ బ్యూరోలో మొదలుపెట్టిన రాబర్ట్ విలియమ్స్, చివరికి 1936లో అమెరికాలో బి1ను కృత్రిమంగా తయారుచేశారు. ఆయన పుట్టింది మన నెల్లూరులో!

ఈ జబ్బు మనకూ కొత్తది కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి ఎక్కువగా కనిపించింది కోస్తా ఆంధ్ర జిల్లాల్లోనే. ఇక్కడ పచ్చి బియ్యం తినేవారు. ధాన్యాన్ని ఉడకబెట్టి ఆరబెట్టే ఉప్పుడు బియ్యంలో బి1 గింజ లోపలికి ఇంకుతుంది కాబట్టి మిల్లు పట్టినా కొంత మిగులుతుంది. పచ్చి బియ్యంలో అది తవుడుతోనే పోతుంది. ఆపై నాలుగైదు సార్లు కడిగి, గంజి వార్చేస్తే మిగిలింది కూడా తూముపాలే. బెరిబెరి ఇప్పుడు అరుదే కానీ, అతిగా మద్యం తాగేవారిలో బి1 లోపం ఇప్పటికీ కనిపిస్తుంది.

తవుడు త్వరగా ముక్కిపోతుంది, తినడానికి రుచిగానూ ఉండదు. అందుకే మరియా ఒరోసా దాన్ని బిస్కట్లుగా మలిచారు. పశువుల దాణాగా అమ్మే తవుడును ఇంట్లో పిండిలో కలిపేయమని దీనర్థం కాదు సుమా! సోయాబీన్స్‌తో సోయాలాక్ అనే బలమైన పొడి కూడా తయారుచేశారు.

ఈ రెండింటికీ అసలు పరీక్ష యుద్ధంలో ఎదురైంది. 1942 జనవరిలో జపాన్ సేనలు మనీలాను ఆక్రమించి, శాంతో తోమాస్ విశ్వవిద్యాలయాన్ని నిర్బంధ శిబిరంగా మార్చాయి. అందులో అమెరికన్లు సహా వేలమంది పౌరులు, పిల్లాపాపలతో. యుద్ధం చివరికొచ్చేసరికి వాళ్లకిచ్చే తిండి బాగా తగ్గి ఆకలి చావులు మొదలయ్యాయి. అప్పటికే మరియా ఒరోసా గెరిల్లా దళంలో కెప్టెన్. సోయాలాక్ పొడి, తవుడు ఆహారం బోలు వెదురు గొట్టాల్లో నింపి, వడ్రంగుల చేత శిబిరంలోకి చేరవేయించారు. పట్టుబడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అయినా వెదురు వెళ్తూనే ఉంది.

1945 ఫిబ్రవరిలో మనీలా కోసం పోరు మొదలైంది. ఊరికి వచ్చేయమని ఇంట్లోవాళ్లు బతిమాలినా, పని వదిలి రానన్నారు. ఫిబ్రవరి 13న ఆఫీసులో ఉండగా ఫిరంగి గుండు ముక్క తగిలింది. ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడా గుండ్లు పడ్డాయి. మరో ముక్క గుండెలో దిగింది. ఆ గుండ్లు నగరాన్ని విడిపించడానికి వచ్చిన అమెరికా సైన్యానివి.

మనీలాలో ఇప్పుడు ఆమె పేరిట ఒక వీధి ఉంది. ఆమె వంటకాలు ఏడు వందలకు పైగా మిగిలాయి. వాటిని మేనకోడలు 1970లో పుస్తకంగా అచ్చువేయించారు.