హెర్మన్ హోలెరిత్

హెర్మన్ హోలెరిత్ (ఫిబ్రవరి 29, 1860 - నవంబరు 17, 1929) అమెరికాకు చెందిన ఇంజనీరు, ఆవిష్కర్త, వ్యాపారవేత్త. కార్డుకు చిల్లులు పొడిచి, ఆ చిల్లులను విద్యుత్తు సాయంతో చదివించి, లెక్కలు వాటంతటవే తేలేలా చేసే యంత్రాన్ని రూపొందించినవాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలు ఈ యంత్రంతోనే జరిగాయి. హోలెరిత్ 1896లో స్థాపించిన టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీ 1911లో మరికొన్ని సంస్థలతో కలిసిపోయింది. అలా ఏర్పడిన సంస్థే 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకుంది. ఈ సంస్థ ఎదుగుదలలో యంత్రానికి ఎంత పాత్ర ఉందో, యంత్రాన్ని అమ్మకుండా అద్దెకు మాత్రమే ఇవ్వాలన్న అతని పట్టుదలకూ అంతే పాత్ర ఉంది. ప్రభుత్వంతో అతని సంబంధం చెడిపోవడానికీ ఆ పట్టుదలే కారణమైంది.

బాల్యం, చదువు

హోలెరిత్ న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీ నుండి వలస వచ్చినవారు. తండ్రి యోహాన్ గెయోర్గ్ ఉపాధ్యాయుడు. హెర్మన్‌కు తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. తల్లి కుటుంబ భారాన్ని మోస్తూ పిల్లలను పెంచింది. ఫిబ్రవరి 29న పుట్టినందువల్ల అతని పుట్టినరోజు నాలుగేళ్ళకొకసారి వచ్చేది. 1900 లీపు సంవత్సరం కానందున 1896 తరువాత మళ్ళీ 1904 దాకా ఆగవలసి వచ్చింది.

బడిలో ఇంగ్లీషు వర్ణక్రమం అతనికి కొరుకుడు పడేది కాదు. ఆ పాఠం తప్పించుకోవడానికి తరగతి గది నుండి పారిపోయేవాడని చెబుతారు. చివరకు బడి మానిపించి ఒక లూథరన్ మతగురువు వద్ద చదువు చెప్పించారు. 1875లో న్యూయార్క్ సిటీ కాలేజీలో చేరి, ఆపై కొలంబియా స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదివి, 1879లో పందొమ్మిదేళ్ళకే మైనింగ్ ఇంజనీరు పట్టా పొందాడు.

జనాభా లెక్కల సమస్య

కొలంబియాలో అతనికి పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ ట్రోబ్రిడ్జ్ 1880 జనాభా లెక్కలలో ఒక విభాగానికి బాధ్యుడు. ఆయనే శిష్యుణ్ణి సహాయకుడిగా వాషింగ్టన్‌కు తీసుకువెళ్ళాడు. కర్మాగారాలలో వాడే ఆవిరి శక్తి, జలశక్తి గణాంకాలను సేకరించడం హోలెరిత్ పని.

అమెరికా రాజ్యాంగం ప్రకారం పదేళ్ళకొకసారి జనాభా లెక్కించి, దాని ప్రకారం ప్రతినిధుల సభలో రాష్ట్రాలకు స్థానాలు పంచాలి. 1880లో దేశ జనాభా 5 కోట్లు దాటింది. ఊరూరా తిరిగి వివరాలు రాసుకోవడం కొన్ని వారాల పనే. అసలు కష్టం ఆ తరువాతే మొదలయ్యేది. ఇన్ని లక్షల మందిలో ఫలానా వయసు వారెందరు, వారిలో విదేశాలలో పుట్టినవారెందరు, వారిలో ఫలానా వృత్తి చేసేవారెందరు అని తేల్చడానికి వందలాది గుమాస్తాలు పెద్ద పెద్ద కాగితాలపై గీతలు గీస్తూ కూర్చునేవారు. కొత్త ప్రశ్న అడిగిన ప్రతిసారీ మొత్తం కాగితాలను మళ్ళీ మొదటి నుండి తిరగేయాలి. 1880 ఫలితాలన్నీ పూర్తిగా వెలువడడానికి ఏడెనిమిదేళ్ళు పట్టింది. అప్పటికి తరువాతి లెక్కలు దగ్గర పడ్డాయి. జనాభా పెరిగే కొద్దీ ఒక దశాబ్దపు లెక్క ముగియకముందే మరో దశాబ్దపు లెక్క మీద పడే ప్రమాదం కనిపించింది.

ఈ పనికి యంత్రం ఉండాలన్న ఆలోచన హోలెరిత్‌ది కాదు. జనన మరణాల గణాంకాలు చూసే డాక్టర్ జాన్ షా బిల్లింగ్స్ తన ఇంట తేనీటి బల్ల వద్ద ఆ మాట అన్నాడు. మనిషి వివరాలను కార్డు అంచున గుర్తులుగా పెట్టి యంత్రంతో లెక్కించవచ్చునని ఆయన సూచన. భాగస్వామిగా చేరమని హోలెరిత్ అడిగితే, సమస్య తీరితే చాలు, తనకు వ్యాపారం అక్కరలేదన్నాడట. ఈ సంగతిని హోలెరిత్ స్వయంగా 1919లో ఒక లేఖలో రాసి, ఆలోచన ఘనతను బిల్లింగ్స్‌కే ఇచ్చాడు.

కాగితపు చుట్ట నుండి కార్డుకు

1882లో హోలెరిత్ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మెకానికల్ ఇంజనీరింగ్ బోధకుడిగా చేరాడు. పాఠాలు చెప్పడం నచ్చక ఏడాదికే మానివేశాడు. కొన్నాళ్ళు రైళ్ళ బ్రేకులపై ప్రయోగాలు చేశాడు. తరువాత వాషింగ్టన్ పేటెంటు కార్యాలయంలో పరిశీలకుడిగా పనిచేశాడు. ఆ ఉద్యోగం కొద్ది కాలమే సాగినా పేటెంటు చట్టం గుట్టుమట్లన్నీ నేర్పింది. అవి జీవితాంతం అతనికి అక్కరకు వచ్చాయి.

1884 సెప్టెంబరులో మొదటి పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అప్పటి యంత్రం పొడవాటి కాగితపు చుట్టపై చిల్లులు పెట్టి చదివేది. అయితే చుట్టలో ఒక మనిషి వివరాలు కావాలంటే చుట్టనంతా విప్పాలి, వివరాలను వేరు చేసి పేర్చడానికి వీలు లేదు. అందువల్ల మనిషికొక కార్డు పద్ధతికి మారాడు. దీనికి దారి చూపింది రైలు ప్రయాణం. అప్పట్లో కొన్ని రైళ్ళలో ఒకరి టిక్కెట్టు మరొకరు వాడకుండా కండక్టరు ప్రయాణికుని జుట్టు రంగు, కళ్ళ రంగు, ముక్కు తీరు వంటివి టిక్కెట్టు మీదే చిల్లులతో గుర్తు పెట్టేవాడు. మనిషి రూపురేఖలు చిల్లులుగా మారడం హోలెరిత్ అక్కడ చూశాడు.

1886లో బాల్టిమోర్ నగరపు మరణాల లెక్కలతో తొలి పరీక్ష జరిగింది. అందుకు వాడింది కూడా కండక్టర్ల చేతి పంచే. దానితో కార్డు అంచుల దగ్గర మాత్రమే చిల్లులు పొడవగలరు, వేల కార్డులు పొడిచేసరికి చెయ్యి పడిపోయేది. ఆ బాధ వల్లనే, ముందున్న పలకపై పిడిని జరిపితే వెనుకనున్న కార్డులో సరైన చోట చిల్లు పడే పాంటోగ్రాఫ్ పంచ్‌ను తయారు చేశాడు. 1889 జనవరి 8న అతనికి ముఖ్యమైన పేటెంట్లు మంజూరయ్యాయి.

యంత్రం పనిచేసే విధానం

ఒక్కో కార్డు పొడవు సుమారు 6.6 అంగుళాలు, వెడల్పు 3.25 అంగుళాలు. కార్డుపై ప్రతి స్థానానికీ ఒక అర్థం ఉంటుంది: ఒకచోట చిల్లు ఉంటే పురుషుడు, మరొకచోట ఉంటే స్త్రీ. అలాగే వయసు, పుట్టిన దేశం, వృత్తి మొదలైనవి. గుమాస్తా కార్డును గట్టి రబ్బరు పలకపై ఉంచి, పైనున్న పిడిని కిందకు లాగుతాడు. పిడికి స్ప్రింగులున్న సూదులు వరుసగా ఉంటాయి. చిల్లు లేనిచోట కార్డు సూదిని అడ్డుకుంటుంది. చిల్లు ఉన్నచోట సూది దిగి, అడుగునున్న చిన్న గిన్నెలోని పాదరసాన్ని తాకుతుంది. వెంటనే విద్యుత్ వలయం పూర్తయి, ఎదురుగా గడియారం ముఖాల్లా ఉన్న 40 డయళ్ళలో సంబంధించిన డయలు ముల్లు ఒక గీత జరుగుతుంది. కార్డు సరిగా చదివితే గంట మోగుతుంది. గంట మోగకపోతే పొరపాటు ఉన్నట్లు. పక్కనున్న అరల పెట్టెలో ఒక అర మూత దానంతటదే తెరుచుకుంటుంది. గుమాస్తా కార్డును అందులో వేసి మూత వేస్తాడు. తరువాతి విడత లెక్కకు కార్డులు ఆ విధంగా ముందే వేరుపడి సిద్ధంగా ఉంటాయి.

యంత్రంలోని గొప్పదనం దీని తీగల అమరికలో ఉంది. రెండు మూడు చిల్లులు ఒకేసారి ఉంటేనే వలయం పూర్తయ్యేలా రిలేలు అమర్చవచ్చు. దానితో విదేశంలో పుట్టి, ఇరవై దాటి, ఫలానా పని చేసే పురుషుల సంఖ్య ఒక్క విడతలోనే తేలుతుంది.

1890 జనాభా లెక్కలు

1889లో జనాభా లెక్కల శాఖ మూడు పద్ధతులకు పోటీ పెట్టింది. ఒకటి హోలెరిత్‌ది, మరొకటి రంగు కార్డులు వాడే హంట్‌ది, ఇంకొకటి రంగు చీటీలు వాడే పిడ్జిన్‌ది. సెయింట్ లూయిస్ నగరంలోని 10,491 మంది వివరాలను మూడు పద్ధతులలోనూ లెక్కించారు. వివరాలను ఎక్కించడానికి హోలెరిత్ పద్ధతికి 72 గంటల 27 నిమిషాలు పట్టగా, పిడ్జిన్‌కు సుమారు 111, హంట్‌కు సుమారు 144 గంటలు పట్టాయి. లెక్క తేల్చడంలో తేడా మరీ ఎక్కువ: హోలెరిత్ యంత్రానికి 5 గంటల 28 నిమిషాలు, మిగిలిన రెండింటికీ 44 గంటలకు పైగా, 55 గంటలకు పైగా. కాంట్రాక్టు హోలెరిత్‌కు దక్కింది. యంత్రాలను అమ్మలేదు. ఒక్కోదానికి ఏడాదికి 1000 డాలర్ల అద్దె.

మొదట కార్డులతో పని లేకుండా కేవలం తలల లెక్క తీశారు. కొద్ది వారాలలోనే 6,26,22,250 అనే సంఖ్య వెలువడింది. దేశం గర్వపడుతుందనుకుంటే పత్రికలు మండిపడ్డాయి. జనాభా ఇంకా ఎక్కువ ఉంటుందని అందరూ ఆశించారు, తప్పు యంత్రానిదేనన్నారు. ఆ తరువాత మనిషికొక కార్డు చొప్పున 6 కోట్లకు పైగా కార్డులు పొడిచి వివరమైన లెక్కలు తీశారు. విసుగెత్తిన గుమాస్తాలు కొందరు యంత్రంలోని పాదరసాన్ని కాస్త తీసివేసి, అది బాగయ్యేదాకా విశ్రాంతి తీసుకునేవారని ఒక కథ ప్రచారంలో ఉంది.

యంత్రం వల్ల ఖర్చు తగ్గిందని తరచుగా రాస్తారు, కానీ 1890 లెక్కలకు మొత్తం మీద సుమారు 1.15 కోట్ల డాలర్లు, అంటే 1880 నాటికన్నా దాదాపు రెట్టింపు ఖర్చయింది. చౌకగా పని జరగడం కన్నా, మునుపు చేతితో తేల్చడం అసాధ్యమైన ప్రశ్నలకు జవాబులు దొరకడమే నిజమైన లాభం అనుకోవాలి.

1890 హోలెరిత్ జీవితంలో మంచి సంవత్సరం. తన యంత్రంపైనే రాసిన సిద్ధాంత వ్యాసానికి కొలంబియా డాక్టరేటు ఇచ్చింది. ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఎలియట్ క్రెసన్ పతకం ఇచ్చింది. సెప్టెంబరు 15న లూసియా టాల్కాట్‌తో వివాహమైంది. వారికి ఆరుగురు సంతానం.

కంపెనీ స్థాపన

జనాభా లెక్కలు పదేళ్ళకొకసారి వచ్చే పంట. పని ముగియగానే యంత్రాలు తిరిగి వచ్చి గోదాములో చేరాయి, అద్దె ఆగిపోయింది. ఆస్ట్రియా, కెనడా వంటి దేశాల లెక్కలకు ఈ పద్ధతి వాడినా ఇల్లు గడవడం కష్టమైంది. అందుచేత హోలెరిత్ రోజూ లెక్కలు పుట్టే చోటు కోసం చూశాడు. రైల్వే కంపెనీలు అటువంటివి. సరుకు పంపిన ప్రతిసారీ రాసే వేబిల్లులు లక్షల్లో పోగుపడేవి. ఏ స్టేషనుకు ఎంత సరుకు, ఎంత రాబడి అన్నది నెలలు గడిస్తే గానీ తెలిసేది కాదు.

అయితే జనాభా యంత్రం ఒకటి చొప్పున లెక్కపెడుతుందే తప్ప కూడదు. వేబిల్లులో ఉన్నది బరువు, డబ్బు. వాటిని కూడాలి. అందుకని హోలెరిత్ కార్డుపై అంకెలకు నిలువు వరుసలు కేటాయించి, కూడిక చేసే యంత్రాన్ని తయారుచేశాడు. న్యూయార్క్ సెంట్రల్ రైల్వే మొదట ఒప్పుకోలేదు. యంత్రాలను ఉచితంగా పెట్టి చూపించి, 1896లో ఒప్పందం సంపాదించాడు. ఆ సంవత్సరం డిసెంబరులోనే టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీ ఏర్పడింది. రష్యా సామ్రాజ్యం 1897లో జరిపిన జనాభా లెక్కలకూ ఈ యంత్రాలే వాడింది.

కంపెనీ పద్ధతి ఇది: యంత్రం ఎన్నడూ ఖాతాదారు సొంతం కాదు, నెలనెలా అద్దె కట్టాలి, కార్డులు కంపెనీ వద్దనే కొనాలి. కార్డు మందం సరిగా లేకపోయినా, అందులో లోహపు కణాలున్నా యంత్రం తప్పు లెక్క ఇస్తుంది గనుక ఈ నిబంధనకు సాంకేతికమైన సాకు ఉంది. కానీ ఒకసారి వాడి పారవేయవలసిన కార్డు ఎడతెగని ఆదాయం తెచ్చిపెట్టేదన్నది కూడా అంతే నిజం.

ప్రభుత్వంతో వివాదం

1900 జనాభా లెక్కలు కూడా హోలెరిత్ యంత్రాలతోనే జరిగాయి. 1902లో జనాభా లెక్కల శాఖ శాశ్వత శాఖ అయింది. మరుసటి ఏడాది డైరెక్టరుగా వచ్చిన నార్త్‌కు ఈ అద్దెలు మరీ ఎక్కువ అనిపించాయి. ప్రజల సొమ్ముతో నడిచే శాఖ ఒకే ఒక్క వ్యక్తి చేతిలో చిక్కుకుందని ఆయన వాదన. తన శ్రమతో పుట్టిన యంత్రానికి ధర నిర్ణయించే హక్కు తనదేనని హోలెరిత్ వాదన. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, ఇద్దరిలోనూ పట్టువిడుపులు లేవు. 1905లో ఒప్పందం తెగిపోయింది.

ప్రభుత్వం సొంత ప్రయోగశాల పెట్టి యంత్రాలు తయారు చేయించింది. అక్కడ పనిచేసిన జేమ్స్ పవర్స్ అనే రష్యా వలసదారు మెరుగైన పంచ్ యంత్రాలు చేశాడు. 1906లో హోలెరిత్ ముఖ్య పేటెంట్ల గడువు తీరింది. 1910 లెక్కల ముందు తన యంత్రాలను శాఖ మార్చి వాడుతోందని కోర్టుకెక్కినా ఫలితం దక్కలేదు. పవర్స్ 1911లో సొంత కంపెనీ పెట్టి, ఫలితాలను కాగితంపై అచ్చువేసే యంత్రాలతో గట్టి పోటీ ఇచ్చాడు.

విచిత్రమేమిటంటే ఈ ఓటమి వల్ల కంపెనీ చితికిపోలేదు. పెద్ద ఖాతాదారు పోవడంతో హోలెరిత్ దృష్టి అంతా రైల్వేలు, కర్మాగారాలు, దుకాణాల మీదికి మళ్ళింది. కార్డులను తానే లోపలికి తీసుకునే ఏర్పాటు, వేరుచేసే సార్టర్ యంత్రం, కొత్త లెక్కకు తీగలను సులభంగా మార్చుకునే ప్లగ్ బోర్డు ఈ కాలంలోనే వచ్చాయి. యంత్రాన్ని విప్పకుండానే దానికి వేరే పని అప్పగించే వీలు ప్లగ్ బోర్డుతో కలిగింది.

విలీనం, చివరి సంవత్సరాలు

ఆరోగ్యం దెబ్బతినడంతో హోలెరిత్ కంపెనీని అమ్మడానికి అంగీకరించాడు. 1911 జూన్‌లో చార్లెస్ ఫ్లింట్ అనే వ్యాపారి దీనిని, ఉద్యోగుల హాజరు గడియారాలు చేసే సంస్థను, దుకాణాలలో బరువుతో పాటు వెల కూడా చూపే త్రాసులు చేసే సంస్థను కలిపి కంప్యూటింగ్-టాబ్యులేటింగ్-రికార్డింగ్ కంపెనీగా ఏర్పరిచాడు. కాలం, బరువు, సంఖ్య ఈ మూడింటినీ కొలిచే యంత్రాలు ఒకే గూటికి చేరాయన్నమాట. హోలెరిత్‌కు తన వాటా కింద సుమారు 12 లక్షల డాలర్లు ముట్టాయి.

1921 దాకా సలహాదారుగా కొనసాగినా మాట చెల్లలేదు. 1914లో పగ్గాలు చేపట్టిన థామస్ వాట్సన్ అమ్మకపుదార్ల సైన్యాన్ని తయారుచేసి, పవర్స్‌కు దీటుగా అచ్చువేసే యంత్రం కావాలని పట్టుబట్టాడు. హోలెరిత్‌కు అటువంటి సలహాలు రుచించేవి కావు. అద్దె పద్ధతిని, కార్డుల నిబంధనను మాత్రం వాట్సన్ ఉన్నవి ఉన్నట్లు కొనసాగించాడు.

హోలెరిత్ తన వ్యవసాయ క్షేత్రంలో గెర్న్సీ జాతి ఆవులను పెంచుతూ, పడవలు నడుపుతూ కాలం గడిపాడు. మంచి భోజనం, చుట్టలు అతని ఇష్టాలు. 1929 నవంబరు 17న వాషింగ్టన్‌లో గుండెపోటుతో మరణించాడు. జార్జిటౌన్‌లోని ఓక్ హిల్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

తరువాతి పరిణామాలు

1928లో ఐబీఎం ప్రవేశపెట్టిన 80 నిలువు వరుసల కార్డు కంప్యూటర్ల కాలంలోకి కూడా వచ్చి, 1970ల దాకా విరివిగా వాడుకలో ఉంది. కార్డులు తన వద్దనే కొనాలన్న నిబంధన చెల్లదని 1936లో అమెరికా సుప్రీం కోర్టు ఐబీఎంకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. జర్మనీలో 1910లో హోలెరిత్ పేటెంట్ల లైసెన్సుతో పుట్టి, తరువాత అమెరికా కంపెనీ చేతిలోకి వచ్చిన డేహోమాగ్ సంస్థ నాజీ ప్రభుత్వం 1933లో జరిపిన జనాభా లెక్కలను ఈ యంత్రాలపై తేల్చింది. ఇందులో మాతృసంస్థ బాధ్యత ఎంత అన్న విషయంపై చరిత్రకారులు వాదించుకున్నారు. ఫోర్‌ట్రాన్ భాష తొలి రూపాలలో అక్షరాలను రాసే ఒక పద్ధతికి హోలెరిత్ స్థిరాంకం అని పేరు పెట్టారు. జార్జిటౌన్‌లో కాలువ పక్కన అతని కర్మాగారం ఉన్న భవనానికి స్మారక ఫలకం అమర్చారు.