ఎక్స్ లేకుండా ఆల్జీబ్రా నేర్పిన అల్ ఖ్వారిజ్మి

లెక్కల పీరియడ్ అనగానే మనలో చాలామందికి గుండె దడ. సూత్రం బట్టీ పట్టి పరీక్షలో మర్చిపోయేవాళ్ళం కొందరం. జవాబు వచ్చినా స్టెప్పులు రాయక మార్కులు పోగొట్టుకునేవాళ్ళం కొందరం. బీజగణితాన్ని స్టెప్పు వెంట స్టెప్పు వేసి నేర్పిన ఒక పెద్దాయన గురించి ఈసారి తెలుసుకుందాం.

ఆయన పేరు మహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మి. సుమారు క్రీ.శ. 780లో పుట్టి, 850 ప్రాంతంలో చనిపోయారు. ఖ్వారిజ్మి అంటే ఖ్వారిజ్మ్ సీమ వాడని అర్థం. ఆ సీమ మధ్య ఆసియాలో అరల్ సముద్రానికి దక్షిణాన ఉంది. ఆయన పనిచేసింది మాత్రం బాగ్దాద్ నగరంలో. 813 నుండి 833 వరకు పాలించిన ఖలీఫా అల్ మామూన్ పండితులను బాగా ఆదరించేవాడు.

ఆ ఖలీఫా ప్రోత్సాహంతోనే ఆయన ఒక లెక్కల పుస్తకం రాశారు. అది ఒక్క పండితుల కోసమే కాదు. తండ్రి ఆస్తి పిల్లలకు పంచాలన్నా, భూమి కొలవాలన్నా, కాలువ తవ్వాలన్నా, వ్యాపారం చేయాలన్నా లెక్క కావాలి గదా! లెక్క రానివాడి వాటా ఇంకొకడు తినేస్తాడు. సంతలో తూకం దగ్గర నిలబడ్డ మనవాళ్ళను తలుచుకుంటే ఈ సంగతి మనకు ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆ పుస్తకం పేరులోని అల్ జబ్ర్ అనే మాటే తరువాత ఆల్జీబ్రా అయింది. ఒకవైపు తీసివేతలో ఉన్నదాన్ని రెండువైపులా కలిపి సరిచేయడమే అల్ జబ్ర్. మనం పక్షాంతరం అంటున్నది ఇట్లాంటిదే.

ఆశ్చర్యం ఏమిటంటే ఆయన పుస్తకంలో ఎక్స్ లేదు, వై లేదు, ప్లస్ గుర్తు కూడా లేదు. అంతా మాటలే. ఆయన చేసి చూపిన ఒక లెక్క చూడండి.

ఒక సంఖ్య వర్గానికి, ఆ సంఖ్యకు 10 రెట్లు కలిపితే 39 వచ్చింది. ఆ సంఖ్య ఎంత?

1. 10లో సగం 5.
2. 5 వర్గం 25.
3. 39కి 25 కలిపితే 64.
4. 64 వర్గమూలం 8.
5. 8లోంచి 5 తీసేస్తే 3. ఇదే జవాబు.

సరిచూద్దాం. 3 వర్గం 9, దాని 10 రెట్లు 30, మొత్తం 39. సరిపోయింది!

మరి 25 ఎందుకు కలిపాం? ఆయన దానికి బొమ్మ గీసి కారణం చెప్పారు. మీరూ నోట్సులో గీయండి. తెలియని సంఖ్య భుజంగా ఒక చతురస్రం గీయాలి. దాని కుడి పక్కన ఒకటి, కింద ఒకటి 5 వెడల్పు గల దీర్ఘచతురస్రాలు అతికించాలి. ఈ మూడింటి వైశాల్యం 39. ఇప్పుడు మూలన చిన్న ఖాళీ మిగులుతుంది. అది 5 భుజం గల చతురస్రం, అంటే 25. దాన్ని నింపితే పెద్ద చతురస్రం పూర్తయి 64 అవుతుంది. దాని భుజం 8. మనం వర్గం పూర్తి చేయడం అని చదివేది ఇదే!

ఈ లెక్కకు −13 కూడా జవాబే. కానీ ఆయన రుణ సంఖ్యలను జవాబుగా తీసుకోలేదు. మన దేశంలో బ్రహ్మగుప్తుడు 628లోనే రుణ సంఖ్యలకు నియమాలు రాశారు. ఎంత గొప్పవాళ్ళయినా కొంత పని తర్వాతివాళ్ళకు మిగులుతుంది.

మన భారతీయ అంకెలతో లెక్క చేయడం గురించి కూడా ఆయన పుస్తకం రాశారు. దాని ద్వారా ఈ అంకెలు ఐరోపాకు చేరాయి. కంప్యూటర్‌వాళ్ళు వాడే ఆల్గారిథమ్ అనే మాట ఆయన పేరులోంచే పుట్టింది. దాని అర్థం కూడా స్టెప్పుల వరుసే!

కావున మిత్రులారా, స్టెప్పు వదలొద్దు. ఎందుకు అని అడగడానికి సిగ్గుపడొద్దు.

మీకో లెక్క: ఒక సంఖ్య వర్గానికి దాని 6 రెట్లు కలిపితే 40. ఆ సంఖ్య ఎంత? బొమ్మ గీసి చేయండి. జవాబు వచ్చే సంచికలో.