లిస్టరు మహాశయుడు: కీలును కుట్టిన దారము

మోకాటిలో తెగిన భాగములను శస్త్రవైద్యుడు కుట్టి, రోగిని మరల నడిపించుట నేడు ఎవరికిని వింతగా తోచదు. కాని సుమారు 150 సంవత్సరములకు పూర్వము యూరపుఖండమున ఎంతటి ప్రవీణులును కీలులోనికి కత్తిని పోనిచ్చుటకు జంకుచుండిరి. కీలు తెఱచినచో చీము పట్టును. చీము పట్టినచో కాలైనను పోవును, ప్రాణమైనను పోవును. నాటివారికి సూది లేకపోలేదు, దారము లేకపోలేదు, చేతినేర్పు లేకపోలేదు. ఆ సూదిని, ఆ దారమును, ఆ చేతిని అంటుకొని లోనికి పోవు విషము సంగతియే వారికి తెలియకుండెను. ఆ కొఱతను తీర్చిన మహనీయుడు జోసెఫు లిస్టరు.

సూది కథ మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. సుశ్రుతసంహితయందు శస్త్రకర్మలు ఎనిమిదిగా చెప్పబడినవి. వానిలో కడపటిది సీవనము, అనగా కుట్టుట. కండ తక్కువగానున్న చోటులకును కీళ్లకును రెండంగుళముల గుండ్రని సూదిని, కండగల చోటులకు మూడంగుళముల మూడుపలకల సూదిని, మర్మస్థానములకును ఉదరమునకును విల్లువలె వంగిన సూదిని ఆ గ్రంథము విధించినది. దారమునకై జనుపనార, అవిసెనార, స్నాయువు, వెండ్రుక మున్నగువానిని పేర్కొన్నది. వ్రణమునకు ఆవాలు, వేపాకు, నేయి, ఉప్పు కలిపి పొగవేయుమన్నది. అట్టి గ్రంథమును మనము పూజించితిమి గాని, శస్త్రము పట్టిన చేతిని గౌరవింపమైతిమి. కొన్ని వృత్తులవారి యొద్ద తప్ప ఆ విద్య చేతినుండి జారిపోయి తాటాకులలో మిగిలెను. ఈ మాట నిష్ఠురమైనను నిజము.

లిస్టరు 1827 ఏప్రిలు 5వ తేదీన లండను సమీపమునగల అప్టను గ్రామమున జన్మించెను. తండ్రి ద్రాక్షసారాయి వర్తకుడు. అయినను తీరిక వేళలయందు కటకములను పరిశోధించి సూక్ష్మదర్శినిని బాగుచేసి, పండితుల మన్నన పొందిన ప్రజ్ఞాశాలి. కంటికి కానరాని లోకమొకటి కలదను సంగతి ఆ బాలునకు ఇంటిలోనే తెలిసెను. వారు క్వేకరు మతస్థులు. ఆ మతమువారికి నాడు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి పట్టములు అందకుండుటచే ఆయన లండను యూనివర్సిటీ కాలేజీలో చదివి 1852లో వైద్యపట్టము పొందెను. మఱుసటి యేట ఎడింబరో నగరమునకేగి, జేమ్సు సైము అను ప్రసిద్ధ శస్త్రవైద్యుని శిష్యుడై, 1856లో ఆ గురుపుత్రిక ఆగ్నెసును వివాహమాడెను. ఆమె జీవితాంతము ఆయన ప్రయోగములకు లేఖకురాలును సహాయురాలును అయ్యెను.

1860లో ఆయన గ్లాస్గో నగరమున ఆచార్యుడయ్యెను. అచటి ఆసుపత్రిలో శస్త్రచికిత్స చక్కగా ముగిసినవారే నాలుగైదు దినములకు గాయము క్రుళ్లి మరణించుచుండిరి. చెడుగాలియే దీనికి కారణమని నాటివారి నమ్మకము. రసాయనశాస్త్రాచార్యుడగు థామసు ఆండర్సను మూలమున లిస్టరునకు ఫ్రెంచి పండితుడైన లూయీ పాశ్చరు పరిశోధనలు తెలిసినవి. క్రుళ్లుటకు కారణము గాలి కాదు, గాలిలోని సూక్ష్మజీవులని గ్రహించి, వానిని చంపు మందునకై ఆయన వెదకెను. కార్లైలు పట్టణమున మురుగునీటి దుర్గంధమును కార్బాలికామ్లముతో పోగొట్టుచున్నారని విని, దానినే గ్రహించెను. 1865 ఆగస్టులో బండిచక్రము క్రిందపడి, ఎముక విఱిగి చర్మము చీలిన పదునొకండేండ్ల బాలుని గాయమునకు ఆ మందుతో కట్టుకట్టెను. కాలు తీయవలసిన అవసరమే కలుగలేదు. ఆఱు వారములలో బాలుడు కోలుకొనెను. ఆ పద్ధతిని అనుసరింపక మునుపు ఆయన కాలుచేతులు తీసిన 35 మందిలో 16 మంది మరణించిరి. అనుసరించిన పిమ్మట 40 మందిలో మరణించినవారు 6 గురు మాత్రమే.

అటుపిమ్మట ఆయన దృష్టి దారముపై నిలిచెను. రక్తనాళమును కట్టిన పట్టుదారపు కొనలను గాయము వెలుపలికి వ్రేలాడవిడిచి, అది లోన క్రుళ్లి ఊడివచ్చువఱకు వేచియుండుట నాటి ఆచారము. ప్రాణము నిలుపుటకు కట్టిన దారమే చీమునకు త్రోవ యగుచుండెను. దారము లోపలనే యుండి, పని తీరినపిమ్మట తానే కరగిపోయినచో గాయమును పూర్తిగా మూసివేయవచ్చునని లిస్టరు తలంచెను. ఫిడేలు తంతులకు వాడు గొఱ్ఱెప్రేవు దారమును కార్బాలికామ్లమున నానబెట్టి, 1868లో ఒక దూడ మెడలోని రక్తనాళమునకు కట్టి, నెలదినముల పిమ్మట పరీక్షించెను. చీము లేదు, దారమున్న చోట సజీవమైన కండ అల్లుకొనియుండెను. అయితే ఈ దారము శీఘ్రముగా కరగినచో గాయము విచ్చును. అందుచే క్రోమికామ్లముతో దానిని గట్టిపఱచు ఉపాయమును తదుపరి కనుగొనెను.

1877లో ఆయన లండను కింగ్సు కాలేజీ ఆసుపత్రికి వచ్చెను. ఆ యేడే అక్టోబరు మాసమున ఆయన శాస్త్రమునకు అగ్నిపరీక్ష సంభవించెను. ఒక రోగి మోకాటిచిప్ప రెండుగా విఱిగినది. తొడకండ పై ముక్కను మీదికి లాగుచుండుటచే, కేవలము బద్దలు కట్టిన చికిత్సలో ఆ ముక్కలు ఎడముగా నిలిచి, కాలు జీవితాంతము బలహీనమగుట సామాన్యము. లిస్టరు కీలును తెఱచి, రెండు ముక్కలకును రంధ్రములు చేసి, వెండితీగెతో బిగించి, మరల మూసెను. ప్రాణాపాయము లేని రోగియొక్క కీలును తెఱచుట దుస్సాహసమని, రోగి మరణించినచో వైద్యుని న్యాయస్థానమునకు ఈడ్వవలెనని నగరమున కొందఱు వైద్యులు నిందించిరి. రోగి మరణింపలేదు, కాలు నిలిచెను. 1883లో ఆయన ఇట్లు బాగుపడిన పలువుర వృత్తాంతమును లండను వైద్యసంఘము ఎదుట నివేదించెను.

ఆ సంవత్సరముననే ఎడింబరోలో ఆయన పీఠమును అలంకరించిన థామసు ఆనండేలు, మోకాటియందు తొడయెముకకును క్రింది యెముకకును నడుమ నుండు అర్ధచంద్రాకారపు మృదులాస్థి తొలగగా, దానిని యథాస్థానమునకు తెచ్చి, క్రోమికామ్లముతో గట్టిపఱచిన ఆ ప్రేవుదారముతోనే కుట్టెను. నేడు వైద్యులు చిన్న రంధ్రములగుండ దర్శనినాళమును, దారము దూర్చు సన్నని పరికరములను పంపి అదే పనిని చేయుచున్నారు. దారములు మాఱినవి, పరికరములు మాఱినవి. లోనికి పోవునది పరిశుద్ధమై యుండవలెనను నియమము మాత్రము మాఱలేదు.

పెరటిచెట్టు మందునకు పనికిరాదని మన సామెత. స్వదేశమున, అందును లండనులో, పలువురు శంకించుచుండగా జర్మను వైద్యులు ఆయన పద్ధతిని ముందుగనే స్వీకరించి, 1875లో ఆయన తమ దేశమునకు రాగా ఘనముగా సన్మానించిరి. తుదకు స్వదేశమును తలవంచినది. 1895లో రాయలు సొసైటీ అధ్యక్షత, 1897లో ప్రభుపదవి లభించెను. ఆయన కీర్తికంటెను సత్యనిష్ఠ గొప్పది. 1874లో పాశ్చరునకు తానే లేఖ వ్రాసి ఋణమును ప్రకటించెను. గాలిలో మందు చిలుకరించు తన పద్ధతి అనవసరమని తెలియగానే, 1890లో పండితసభయందు దానిని తానే త్రోసిపుచ్చెను. 1912 ఫిబ్రవరి 10వ తేదీన దివంగతుడైన ఆయనను, రాజులను పాతు వెస్టుమినిస్టరు దేవాలయమున గాక, ఆయన కోరిక మేరకు భార్య సమాధి ప్రక్కనే ఉంచిరి.

ఆంగ్లేయుడు ఫ్రెంచివాని యొద్ద నేర్చుటకు సిగ్గుపడలేదు. జర్మనులు ఆంగ్లేయుని యొద్ద నేర్చుటకు సిగ్గుపడలేదు. విద్యకు ఎల్లలు లేవు. కాని నిత్యాభ్యాసము లేనిచో ఉనికియు లేదు. కీళ్లకు తగిన సూది ఏదో మన పూర్వులు ఏనాడో చెప్పిరని గర్వించుట తప్పుకాదు. ఆ సూదిని మరల చేతబట్టి, లోకము నేర్చిన శుద్ధిని దానికి జతపఱచి, మన పల్లెలలో కాలువిఱిగి మంచమెక్కిన కర్షకుని లేపి నడిపించిననాడే ఆ గర్వమునకు అర్హులమగుదుము.