సవర నేర్చుకున్న పంతులు గారు

గిడుగు వెంకట రామ్మూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. విజయనగరంలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన స్నేహితుడు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో 30 రూపాయల జీతానికి టీచరుగా చేరారు.

తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజునే చేస్తాం కదా. వాడుక భాష కోసం ఆయన పోరాడిన సంగతి అందరూ ఉపన్యాసంలో చెప్పేస్తారు. అందుకని నేను ఇంకో సంగతి రాస్తున్నాను.

పర్లాకిమిడి చుట్టూ కొండల మీద మా సవరవాళ్లు ఉంటారు. వాళ్లకి చదువు చెప్పాలని పంతులు గారికి అనిపించింది. తెలుగు వచ్చిన ఒక సవరాయన్ని ఇంట్లో పెట్టుకుని, ముందు తానే సవర నేర్చుకోవడం మొదలుపెట్టారు. చాలా ఏళ్లు పట్టింది. పట్టదా మరి! సవర తెలుగుకి చుట్టం కాదు, సంతాలీ, ముండారీ భాషలకి చుట్టం. కొన్ని మాటల్లో శబ్దం గొంతులోనే టక్కుమని ఆగిపోతుంది. దానికి తెలుగులో అక్షరం లేదు. మా ఇంట్లో అందరం అలాగే మాట్లాడతాం గాని, ఒకరు చెప్పేదాకా నేనే గమనించలేదు.

కొండల్లో తిరిగితే ఆయనకి మలేరియా వచ్చింది. క్వినైన్ మందు ఎక్కువగా వాడి చెవుడు వచ్చేసింది. భాష వినడానికి వెళ్లి చెవులు పోగొట్టుకున్నారు. ఇది రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

సవరలో పాఠాల పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి సవరలోనే చెప్పించారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసి డబ్బు ఇస్తామంటే, దాంతో సవర పిల్లలకి బడి పెట్టమన్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. తర్వాత 1938లో నిఘంటువు. అప్పటికి ఆయనకి 75 ఏళ్లు.

నేను మూడో తరగతిలో వేరే హాస్టల్లో చేరినప్పుడు నాకు తెలుగు ముక్క రాదు. బయటికెళ్తానని ఎలా అడగాలో తెలియక క్లాసులోనే బట్టలు తడుపుకున్నాను. అందరూ నవ్వారు. దెబ్బ కూడా పడింది. మా అమ్మానాన్నలు బడికెళ్లలేదు, ఇంటికెళ్లి చెప్పినా వాళ్లకి ఏం చెయ్యాలో తెలియలేదు. పంతులు గారి బడిలో అయితే నేను మా మాటలోనే అడిగేసేదాన్ని.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోయింది. పంతులు గారు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరి 22న మద్రాసులో చనిపోయారు.

ఈ జూన్‌లో చేరిన సవర చెల్లెళ్లు నలుగురు రాత్రి దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నారు. వాళ్లని ఏమీ అనకండి. మేడమ్ గారు ఒప్పుకుంటే స్టడీ అవర్లో నా పక్కన కూర్చోబెట్టండి, లెక్కలు నేను సవరలో చెప్తాను.

— 9వ తరగతి విద్యార్థిని