సామర్లకోట డాక్టరుగారు, మన అద్దాల తొట్టె

హాల్లో ఒక అక్వేరియం ఉండాలనే ముచ్చట మనకి సినిమాల నుంచే వచ్చిందని నా అనుమానం. పాత సినిమాల్లో డబ్బున్నవాళ్ళ బంగళా అన్నా, విలన్‌గారి డెన్ అన్నా ఓ మూల రంగుచేపల తొట్టె ఉండాల్సిందే. అందులో ఊగే ఆకులు మాత్రం ప్లాస్టిక్‌వి. మా ఫిల్మ్ నగర్‌లో ఈమధ్య ఆ ప్లాస్టిక్ ఆకులు తీసేసి నిజం మొక్కలు పెంచుకునే సరదా పెరిగింది. చిన్న తొట్టెలో సులువుగా బతికేవి ఏమిటని అడిగితే షాపువాళ్ళు ముందు చూపించేవాటిలో హైగ్రోఫిలా పాలీస్పర్మా, రొటాలా రొటుండిఫోలియా ఉంటాయి. కాస్త పెద్ద తొట్టె అయితే ఎర్ర కలువ దుంప.

వృక్షశాస్త్రం పుస్తకాల్లో ఈ మూడు మొక్కల పేర్ల వెనకా పొట్టి అక్షరాల్లో ఒక మనిషి పేరు ఉంటుంది. రాక్స్‌బ్ అని. మొక్కని మొదట శాస్త్రీయంగా వర్ణించినవాళ్ళ పేరు అలా తగిలించడం వాళ్ళ ఆనవాయితీ. ఆ రాక్స్‌బ్ అంటే విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్రానికి పితామహుడని పేరు తెచ్చుకున్న ఈ స్కాట్లండ్ డాక్టరు తన పని నేర్చుకున్నదీ, చేసి చూపించిందీ మన కాకినాడ పక్కన సామర్లకోటలో!

ఆయన 1751లో స్కాట్లండ్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదువుతూ జాన్ హోప్ అనే ప్రొఫెసరు దగ్గర మొక్కల పిచ్చి అంటించుకున్నాడు. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో సర్జన్‌కి సహాయకుడిగా తిరిగి, 1776లో మద్రాసు కొలువులో చేరాడు. నాగూరులో ఉన్న రోజుల్లో వానా, ఎండా, గాలీ కొలిచి రోజూ రాసిపెట్టుకునేవాడట. ఆ అలవాటు తర్వాత ఎక్కడ పనికొచ్చిందో చెబుతాను.

1781లో సామర్లకోట వచ్చాడు. అక్కడ తోట వేసి కాఫీ, దాల్చినచెక్క, మిరియాలు, మల్బరీ, సీమపనస, ఇలా ఏది బతుకుతుందో ఏది బతకదో పెంచి చూశాడు. ఇదంతా మన మీద ప్రేమతో అనుకోకండి. కంపెనీకి ఏ పంట లాభమో తేల్చడమే ఆయన పని. ఏటికొప్పాక బొమ్మలు చేస్తారే, ఆ అంకుడు చెట్టు ఆకుల్లోంచి నీలిమందు తీయొచ్చని పరీక్షలు చేసి రాశాడు. రాజమండ్రి సర్కారులో మన రైతులు చెరుకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో వివరంగా ఒక వ్యాసం రాశాడు. అంటే ఆయన గురువులు ఎడిన్‌బరోలోనే కాదు, మన చెరుకు తోటల్లో కూడా ఉన్నారు.

1787 మే నెలలో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచేసింది. వేలమంది పోయారు. ఇంజరం దగ్గర రాక్స్‌బర్గ్ అప్పటిదాకా కూడబెట్టిన ఎండు మొక్కలు, పుస్తకాలు, కాగితాలు నీళ్ళపాలయ్యాయి. ఇంకొకరైతే మూట కట్టుకుని స్వదేశం వెళ్ళిపోయేవారు. ఈయన మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈసారి ఎండబెట్టిన కొమ్మల్ని మాత్రమే నమ్ముకోలేదు. మన చిత్రకారుల్ని జీతానికి పెట్టుకుని మొక్క మొక్కకీ నిలువెత్తు బొమ్మ గీయించాడు. పువ్వు విప్పి, గింజ కోసి, లోపలి భాగాలన్నీ విడివిడిగా. 1790 నాటికే ఏడువందల బొమ్మలు తయారయ్యాయి. అందులోంచి ఏరిన 300 బొమ్మలతో లండన్‌లో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలు వచ్చాయి, కోరమాండల్ తీరపు మొక్కలు అన్న పేరుతో.

ఎవరు గీశారు ఆ బొమ్మలు? పుస్తకాల మీద రాక్స్‌బర్గ్ పేరుంది, అచ్చు వేయించిన జోసెఫ్ బ్యాంక్స్ పేరుంది. ఆకు ఈనెలు కూడా పొల్లుపోకుండా దించిన మన చిత్రకారుల పేర్లు లేవు. ఇది నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకుంటుంది. సినిమావాళ్ళ మధ్య ఉండేవాళ్ళకి ఇది ఇంకాస్త బాగా అర్థమవుతుంది లెండి. తెర మీద పేర్లు పడేటప్పుడు సెట్టుకి రంగులేసిన వాడి పేరు కోసం ఎవరు ఆగి చూస్తారు?

అయితే ఒక మంచిపని చేశాడాయన. మొక్కకి లాటిన్ పేరు పెట్టి ఊరుకోకుండా, ఊళ్ళో జనం దాన్ని ఏమంటారో అడిగి ఆ తెలుగు మాట కూడా రాసుకున్నాడు. మన సోమిద చెట్టుకి తర్వాతి శాస్త్రజ్ఞులు స్థిరపరిచిన సోయ్‌మిడా అన్న శాస్త్రీయ నామం మన తెలుగు మాటే.

ఇక ఆ వానల లెక్క సంగతి. 1789 నుంచి మూడు నాలుగేళ్ళు ఉత్తర సర్కారుల్లో వానల్లేక ఘోరమైన కరువు వచ్చింది. రాక్స్‌బర్గ్ కళ్ళారా చూశాడు. పిఠాపురం రాజావారి దగ్గరి పాత రికార్డుల ద్వారా, సుమారు వందేళ్ళ కిందట కూడా ఇలాంటి కరువే వచ్చిందని తెలుసుకున్నాడు. కొబ్బరి, తాటి, అరటి, పనస లాంటివి రోడ్ల పక్కా, కాలవ గట్ల మీదా నాటిస్తే వరి ఎండిపోయినా పేదలకి తినడానికి ఏదో ఒకటి మిగులుతుందని పైవాళ్ళకి రాశాడు. కంపెనీ నౌకరు లాభం లెక్కలు పక్కనపెట్టి జనం కడుపు గురించి రాసిన కాగితం అది. నాకైతే ఆయన పెట్టిన వందల పేర్లకన్నా అదే గొప్పగా కనిపిస్తుంది.

1793లో కలకత్తా తోటకి అధికారిగా వెళ్ళాడు. హౌరా వైపు హుగ్లీ ఒడ్డున ఆయన కట్టించుకున్న ఇల్లు ఇప్పటికీ ఉంది. అక్కడ ఇరవయ్యేళ్ళు. మూడుసార్లు పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఇల్లాళ్ళ గురించి చరిత్రకారులు చెప్పేది ఒకటి రెండు ముక్కలే.

ఇంతకీ రాక్స్‌బర్గ్ అక్వేరియం అన్నదాన్ని చూడనే లేదు. ఆయన పోయాక, 1832లో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి ఆవిడ సిసిలీలో సముద్రజీవుల్ని గమనించడానికి గాజు తొట్టెలు చేయించింది. ఆవిడ అంతకుముందు బట్టలు కుట్టేది! 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే కెమిస్టు రెండు బంగారు చేపలు, వాలిస్నేరియా మొక్క, నత్తలు కలిపి పెంచి, మొక్క ప్రాణవాయువు ఇస్తే, నత్త కుళ్ళిన ఆకు తింటే, తొట్టె తనని తాను నిలబెట్టుకుంటుందని చూపించాడు. మనం చేసేదీ అదే.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టె చాలు. బాగా కడిగిన ఏటి ఇసుక రెండంగుళాలు పరవండి. హైగ్రోఫిలా మన నీరుగొబ్బికి దగ్గర చుట్టం. కొమ్మ తుంచి గుచ్చితే అదే వేళ్ళు పోసుకుంటుంది. రొటాలాకి వెలుతురు ఎక్కువైతే చివుళ్ళు గులాబిరంగు తిరుగుతాయి. రోజుకి ఎనిమిది గంటల లైటు మించితే నాచు పట్టేస్తుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోగొట్టే మందు చుక్కలు మరిచిపోవద్దు. మొక్కలు నాటాక మూడు నాలుగు వారాలు ఆగాలి. చేపల వ్యర్థాల్ని విరిచే సూక్ష్మజీవులు అప్పటికిగాని కుదురుకోవు. పిల్లలు ఆగరనుకోండి, అయినా ఆపాలి. తర్వాత అయిదారు జీబ్రా చేపలు వేసుకోండి. గోల్డ్‌ఫిష్ మాత్రం వద్దు, మొక్కల్ని పీకి తినేస్తుంది. వారానికోసారి నాలుగోవంతు నీళ్ళు మార్చండి.

అన్నట్టు, ఆ జీబ్రా చేపకి 1822లో శాస్త్రీయ నామం పెట్టిన ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్, కలకత్తా తోటలో రాక్స్‌బర్గ్ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాడే. రొటాలా పేరు వెనక ఇద్దరి పేర్లూ కలిసే ఉంటాయి. అలా పాత స్నేహితులిద్దరూ మన తొట్టెలో మళ్ళీ ఇరుగుపొరుగయ్యారు.

ఒంట్లో బాగాలేక రాక్స్‌బర్గ్ 1813లో కలకత్తా వదిలాడు. చేతిరాత ప్రతుల్ని మిత్రుడు విలియం కేరీకి అప్పగించాడు. కేరీ 1814లో తోటలోని సుమారు 3500 మొక్కల జాబితా అచ్చువేశాడు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో రాక్స్‌బర్గ్ కన్నుమూశాడు. ఆయన పెద్ద గ్రంథం ఫ్లోరా ఇండికా పూర్తిగా వెలువడింది 1832లో, అంటే ఆయన పోయిన పదిహేడేళ్ళకి. ఇంగ్లీషు అక్షరాల్లో కాస్త వంకరగా పడ్డ మన సామర్లకోట వైపు తెలుగు పేర్లు, మొక్క మొక్క పక్కనా, అందులో ఇవాళ్టికీ చదువుకోవచ్చు.